తుఫానులో తీసుకున్న మండపానికి, లారీకి ప్రభుత్వం డబ్బు కట్టాలా?

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవాళ్లకు కూడా సంగతి తెలియాలి కాబట్టి ముందు మీ ప్రశ్న నాలుగు ముక్కల్లో చెప్తాను. కార్తీకంలో తుఫాను వచ్చిన రాత్రి తహశీల్దారు ఫోన్ చేస్తే, మీ మామగారి దగ్గర లీజుకు తీసుకుని నడుపుతున్న కల్యాణ మండపం తలుపులు తీశారు. అందులో పునరావాస కేంద్రం పెట్టారు. ఐదు రోజుల్లో జనం ఇళ్లకు వెళ్లిపోయినా, ఇంకో పన్నెండు రోజులు బియ్యం బస్తాలు, టార్పాలిన్లు అక్కడే ఉంచారు. మీ లారీని ఆరు రోజులు తిప్పారు. జనరేటరుకు డీజిల్ మీరే పోశారు. మీ బావగారి కిరాణా కొట్టు నుంచి బియ్యం, పప్పు, నూనె వెళ్లాయి. చేతిలో ఒక్క కాగితం లేదు. ఆరు నెలలుగా తిరుగుతుంటే, "ఎమర్జెన్సీలో ప్రభుత్వం ఏదైనా తీసుకోవచ్చు, డబ్బు ఇవ్వాలని ఎక్కడా లేదు" అంటున్నారు. ఇది నిజమా అని అడిగారు.

నిజం కాదు. తీసుకునే అధికారం ఉంది, దానికి డబ్బు కట్టాలని కూడా అదే చట్టంలో పక్క సెక్షన్‌లోనే ఉంది. నేను రెవెన్యూలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి తహశీల్దారుగా రిటైరయ్యాను. సర్వీసంతా దాదాపు కోస్తా మండలాల్లోనే గడిచింది. అంటే, మీకు ఆ రాత్రి ఫోన్ చేసిన మనిషి కుర్చీలో కూర్చున్నవాణ్ణే. అటువైపు ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

"ఎమర్జెన్సీ" అన్న మాట దగ్గరే చాలామంది తికమక పడతారు. రాజ్యాంగం 352వ అధికరణం కింద దేశమంతటికీ ప్రకటించే ఎమర్జెన్సీ వేరు. అది 1962లో చైనా యుద్ధమప్పుడు, 1971లో పాకిస్తాన్ యుద్ధమప్పుడు, 1975లో ఇందిరాగాంధీ హయాంలో, మొత్తం మూడుసార్లు వచ్చింది. అలాంటి సమయంలో 359వ అధికరణం కింద ప్రాథమిక హక్కుల కోసం కోర్టుకు వెళ్లే వీలును ఆపెయ్యవచ్చు. ఆస్తి హక్కు ఒకప్పుడు ప్రాథమిక హక్కే. 44వ సవరణతో 1979 జూన్ 20 నుంచి దాన్ని ఆ భాగంలోంచి తీసేసి 300ఎ అధికరణంగా విడిగా పెట్టారు. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోకూడదని అందులో ఉంది. దీని వల్ల ఒక నష్టం జరిగింది, 300ఎ కోసం నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లలేం, హైకోర్టుకు వెళ్లాలి. ఒక మేలు కూడా జరిగింది. ప్రాథమిక హక్కుల భాగంలో లేదు కాబట్టి, 359 కింద ఇచ్చే ఉత్తర్వు దీన్ని ముట్టుకోలేదు. అంత పెద్ద ఎమర్జెన్సీలో కూడా "ఏదైనా తీసుకోవచ్చు" అన్న మాట చెల్లదు. 1962లో యుద్ధం కోసం తెచ్చిన డిఫెన్స్ ఆఫ్ ఇండియా చట్టంలో సైతం, ఇళ్లూ స్థలాలూ తీసుకుంటే పరిహారం ఇవ్వాలని రాశారు.

మీ ఊళ్లో జరిగింది దీనికి సంబంధించింది కాదు. తుఫానుకు, వరదకు వాడేది విపత్తు నిర్వహణ చట్టం, 2005. ఇందులో చూడాల్సినవి 65, 66 సెక్షన్లు. ఎన్నికలప్పుడు జీపులు, బస్సులు తీసుకోవడం మీరు చూసే ఉంటారు. దానికి వాడే ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 160, 161 సెక్షన్లూ ఇవీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి.

65వ సెక్షన్ చెప్పేది ఇది. సహాయక చర్యలకు అవసరమైతే ఏ వ్యక్తి దగ్గరున్న వనరులైనా, కట్టడమైనా, వాహనమైనా రిక్విజిషన్ చేయవచ్చు, అంటే అవసరం ఉన్నన్నాళ్లు స్వాధీనంలోకి తీసుకోవచ్చు. చేసే అధికారం జాతీయ, రాష్ట్ర కార్యనిర్వాహక కమిటీలకు, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు, లేదా వాళ్లు అధికారం ఇచ్చిన అధికారికి ఉంటుంది. జిల్లా సంస్థకు చైర్మన్ కలెక్టరే. ఆ అధికారం తహశీల్దారుకు రావాలంటే పైనుంచి ఆయన పేరునో హోదానో ఇచ్చి ఉండాలి. పెద్ద తుఫాను హెచ్చరిక రాగానే కలెక్టరు ఆఫీసు నుంచి అలాంటి ఉత్తర్వు వస్తుంది. మీ జిల్లాలోనూ వచ్చే ఉంటుంది, దాని కాపీ మీకు కావాలి. వీఆర్వో గానీ, గ్రామ సచివాలయం ఉద్యోగి గానీ సొంతంగా ఏదీ రిక్విజిషన్ చేయలేరు.

ఆ సెక్షన్‌లో ఇంకో మూడు మాటలున్నాయి: "రాతపూర్వక ఉత్తర్వు ద్వారా". మీ గొడవంతా ఈ మూడు మాటల దగ్గరే ఉంది, మళ్లీ వస్తాను.

"మరి ఆ రాత్రే కాగితం లేదని తలుపు తీయకపోతే సరిపోయేదా?" అని మీ పోస్టు కింద ఒకాయన రాశారు. దయచేసి అలా ఎవరూ చేయకండి. 65 కింద ఇచ్చిన ఉత్తర్వును కాదంటే 57వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. శిక్ష మాట పక్కన పెట్టినా, బయట గాలి ఆ తీరున ఉన్నప్పుడు పసిపిల్లల్ని చంకనేసుకుని వచ్చినవాళ్లని గుమ్మంలో నిలబెట్టి కాగితం అడిగే మనిషి మీరు కాదు. మీరు తలుపు తీశారు, మంచి పని చేశారు. ఆ మంచితనాన్ని అడ్డం పెట్టుకుని మీ డబ్బు ఎగ్గొట్టడం తప్పు. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఇప్పుడు పన్నెండు రోజుల సంగతి. 65(2) ప్రకారం, ఏ పని కోసం తీసుకున్నారో ఆ అవసరం ఉన్నన్నాళ్లే ఉంచుకోవాలి. పైగా కట్టడాల విషయంలో చట్టం "రెస్క్యూ" పనుల కోసం అంటుంది. వాహనాల విషయంలోనైతే పునరావాసం, పునర్నిర్మాణం కూడా కలిపింది. జనం వెళ్లిపోయాక మండపాన్ని గోడౌనుగా వాడుకోవడం రెస్క్యూ కిందికి వస్తుందా అంటే నా ఉద్దేశంలో రాదు. అయినా ఈ వాదన మీద కూర్చోవద్దు, పదిహేడు రోజులకూ అద్దె అడగండి. అవసరం తీరాక ఉంచుకోవడం గురించి సుప్రీంకోర్టు 1984లోనే గట్టిగా చెప్పింది. బొంబాయిలో ఒక ఫ్లాటును 1951లో రిక్విజిషన్ చేసి ముప్పై ఏళ్లు దాటినా వదల్లేదు. హెచ్.డి. వోరా కేసు అంటారు. రిక్విజిషన్ అనేది తాత్కాలికమే, దాన్ని సాగదీసి ఆస్తిని సొంతం చేసుకున్నట్టు ఉంచుకోకూడదని తీర్పు ఇచ్చారు. మీది పదిహేడు రోజులే కావచ్చు, సూత్రం మాత్రం అదే.

డబ్బు లెక్కకు వద్దాం. మండపం, లారీ, సరుకులు, మూడింటికీ మూడు దారులు. ఒకే కాగితం మీద కలిపి రాస్తే మూడూ ఆగిపోతాయి.

మండపానికి 66(1). ఇందులో చాలామందికి తెలియని మాట ఒకటుంది. పరిహారం అందుకోవాల్సింది రిక్విజిషన్‌కు ముందు ఆ కట్టడం ఎవరి స్వాధీనంలో ఉందో వాళ్లు. ఎవరి స్వాధీనంలోనూ లేకపోతేనే యజమాని. అంటే పత్రాలు మామగారి పేరున ఉన్నా, లీజు మీది కాబట్టి అడగాల్సింది మీరే. ఆయన చేత సంతకం పెట్టించి పంపిన అర్జీ వెనక్కి వచ్చిందన్నారు కదా, ఇదే కారణం అయి ఉండొచ్చు. లీజు అగ్రిమెంటు కాపీ పెట్టి మీ పేరున మళ్లీ ఇవ్వండి. ఇంట్లో ముందే మాట్లాడుకోండి, ఎవరికి ఎంత అన్న తగాదా వస్తే అది ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) దగ్గరికి పోతుంది, ఇంకో ఏడాది గడుస్తుంది.

ఎంత ఇవ్వాలి? ఆ కట్టడానికి వచ్చే అద్దె, లేదంటే చుట్టుపక్కల అలాంటి కట్టడానికి నడిచే అద్దె. దాంతోపాటు, రిక్విజిషన్ వల్ల ఇల్లు గానీ వ్యాపారం గానీ వేరే చోటికి మార్చుకోవాల్సి వస్తే దానికైన సబబైన ఖర్చు. ఇంతే. మీరు రెండు పెళ్లిళ్ల అడ్వాన్సులు తిరిగి ఇచ్చేశారని, ఆ లాభం పోయిందని రాశారు. పోయిన లాభం అని విడిగా అడిగితే ఈ సెక్షన్ కింద రాదు, మీకు ఆశ పెట్టడం నాకిష్టం లేదు. కానీ అదే డబ్బును అద్దె లెక్కలో న్యాయంగా చూపించవచ్చు. మండపానికి నెల అద్దె ఉండదు, రోజు అద్దె ఉంటుంది. అదీ ముహూర్తం ఉన్న రోజుకు ఒక రేటు, లేని రోజుకు ఒక రేటు. మీ బుకింగ్ రిజిస్టరు తీసి, ముందు ఏడాది కార్తీకంలో అవే రోజుల్లో ఎంతకిచ్చారో, ఈ పదిహేడు రోజుల్లో ముహూర్తాలు ఏవో తేదీలవారీగా రాయండి. రద్దయిన రెండు బుకింగుల రసీదులు, అడ్వాన్సు తిరిగి ఇచ్చిన ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు జతచేయండి. ఊళ్లో ఇంకో రెండు మండపాల రేటు కార్డులు తెచ్చి పెట్టండి. మీరు ఏమీ చూపించకపోతే ఆఫీసువాళ్లు చదరపు అడుగుకింత అని నెల అద్దె లెక్క వేసి, దాన్ని ముప్పైతో భాగించి చేతిలో పెడతారు. అలాంటి ఫైళ్లు నా టేబుల్ మీదకే వచ్చాయి.

లారీకి 66(2). ఆ ప్రాంతంలో అలాంటి బండికి నడిచే కిరాయి రేటు ఆధారంగా ఇవ్వాలి. డీజిల్ ఎవరు పోశారు, డ్రైవరు బత్తా ఎవరిచ్చారు అన్నది విడిగా రాయండి, లేకపోతే అన్నీ కిరాయిలోనే ఉన్నాయంటారు. ఫైనాన్సులో ఉన్న బండి అని రాశారు. హైర్ పర్చేజ్ అగ్రిమెంటు (వాయిదాలన్నీ తీరేదాకా బండి ఫైనాన్సువాళ్లదే అనేది) ఉంటే, బండి స్వాధీనంలో ఉన్నవాళ్లకూ యజమానికీ మధ్య ఆ డబ్బు పంచాలని చట్టంలో ఉంది. అగ్రిమెంటు ఒకసారి చదవండి, అది మామూలు అప్పు తాకట్టయితే యజమాని మీరే, పంపకం ఉండదు.

సరుకుల దగ్గరే చట్టంలో పెద్ద ఖాళీ ఉంది. 65వ సెక్షన్ వనరులు కూడా తీసుకోవచ్చంటుంది. 66కు వచ్చేసరికి కట్టడాలు, వాహనాలు, ఈ రెండింటి పరిహారం గురించే రాశారు. బియ్యం, డీజిల్, ఇసుక బస్తాలు, జేసీబీ అద్దె, వీటి ఊసే లేదు. ఇది రాసినవాళ్లు చేసిన లోపం అని నా అభిప్రాయం, ఎందుకంటే తుఫానులో మొదట తీసుకునేది ఇవే. చిన్న కొట్టువాళ్లు, పడవలవాళ్లు నష్టపోయేదీ ఇక్కడే. కానీ దీనికి 50వ సెక్షన్ ఉంది. అత్యవసరంలో టెండర్లు లేకుండా కొనుగోలు చేయడానికి అనుమతి ఇవ్వొచ్చు, సరుకు వాడినట్టు అధికారం ఉన్న అధికారి ఇచ్చిన సర్టిఫికెట్టునే వోచరుగా చూస్తారు అని అందులో ఉంది. కాబట్టి మీ బావగారు "పరిహారం" అని అడగొద్దు. "50వ సెక్షన్ కింద అత్యవసర కొనుగోలుగా గుర్తించి, వినియోగ సర్టిఫికెట్టు ఇచ్చి, బిల్లు చెల్లించండి" అని అడగాలి. జీఎస్టీ బిల్లు ఆ తేదీతో ఉంటే చాలా బలం. లేకపోతే ఆ వారం స్టాకు రిజిస్టరు. జనరేటరు డీజిల్ కూడా ఈ దారిలోనే, బంకు రసీదులతో.

ఇక కాగితం సంగతి. ఎందుకు రాయరు? చెడ్డ ఉద్దేశంతో కాదు చాలాసార్లు. కరెంటు ఉండదు, ప్రింటరు నడవదు, చెట్లు పడి దారులు మూసుకుపోతాయి, మనిషి మూడు రాత్రులు నిద్రపోయి ఉండడు. తర్వాత రాద్దాం అనుకుంటాడు. ఆ తర్వాత నష్టం అంచనాలు, ఎన్యూమరేషన్, మంత్రుల పర్యటనలు. ఆపైన బదిలీ. కొత్తగా వచ్చినాయనకు మీ మండపం సంగతి తెలియదు. బిల్లు పెట్టాలంటే ప్రొసీడింగ్స్ (అంటే ఆఫీసు ఇచ్చిన రాతపూర్వక ఉత్తర్వు) నంబరు కావాలి, నంబరు లేని బిల్లును ట్రెజరీ వెనక్కి పంపేస్తుంది. అందుకే ఆఫీసులో "బడ్జెట్ లేదు" అన్నారంటే చాలాసార్లు దాని అర్థం ఫైల్లో కాగితం లేదని. మీరు డబ్బు కోసం తిరుగుతున్నారు, ముందు కాగితం కోసం తిరగాలి.

దీని విలువ నాకు తెలిసింది 1996లో. నవంబరు 6 రాత్రి కోనసీమను తుఫాను ఊడ్చేసింది. నేనప్పుడు ఆర్‌ఐని, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ని. తెల్లారేసరికి కొబ్బరి చెట్లు అగ్గిపుల్లల్లా విరిగి దారికి అడ్డంగా పడి ఉన్నాయి, లంకల్లోకి వెళ్లాలంటే పడవ తప్ప మార్గం లేదు. ఒక పడవల యజమాని రెండు నాటు పడవలు ఇచ్చాడు, తన కొడుకునే తెడ్డు వేయడానికి పంపాడు. నా జేబులో ఉన్న రసీదు పుస్తకంలోంచి ఒక కాగితం చించి, వెనకవైపు "రెండు పడవలు, 7వ తేదీ నుంచి" అని రాసి సంతకం పెట్టిచ్చాను. తొమ్మిది రోజులు తిరిగాయి ఆ పడవలు. ఒకదానికి నీళ్లలో మునిగిన దుంగ తగిలి అడుగు చెక్క పగిలింది. బిల్లు పెట్టినప్పుడు ఆడిట్‌వాళ్లు అడిగింది మూడే ప్రశ్నలు: ఎవరి ఉత్తర్వు, ఏ రేటు, ఎన్నాళ్ల వరకు. నా చీటీలో మూడింటికీ జవాబు లేదు. ఈలోగా నాకు బదిలీ అయింది. ఆయన ఆ చీటీని పాలిథిన్ కవర్లో పెట్టుకుని రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. నేను ఎక్కడుంటే అక్కడికి వచ్చేవాడు, మడతల దగ్గర చిరిగితే అన్నం మెతుకుతో అతికించాడు. చివరికి ఒక పడవకు నాలుగు రోజుల కిరాయి వచ్చింది. "15వ తేదీ సాయంత్రం వరకు" అని నేను ఇంకొక్క ముక్క రాసి ఉంటే ఆయనకు పూర్తిగా వచ్చేది. అప్పటికి ఈ 2005 చట్టం లేదు, నిజమే. అయినా ఆ ఒక్క ముక్క రాయడానికి చట్టం అక్కర్లేదు. ఆ తర్వాత సర్వీసులో ఏది తీసుకున్నా మొదలు, ముగింపు రాయకుండా సంతకం పెట్టలేదు.

మీరు ఇప్పుడు చేయాల్సింది ఆరు నెలల తర్వాత ఆ కాగితాన్ని పుట్టించడం. సాధ్యమే.

ముందు సాక్ష్యాలు పోగేయండి. ఆ రాత్రి కాల్ లాగ్, వాట్సాప్ గ్రూపుల్లో సిబ్బంది పెట్టిన మెసేజ్‌లు, ఫొటోలు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. మండపం కరెంటు బిల్లు చూడండి, ఆ నెల యూనిట్లు ఎగిరి ఉంటాయి. లారీకి ఫాస్టాగ్ స్టేట్‌మెంట్, జీపీఎస్ ఉంటే దాని రూట్ హిస్టరీ. మండపానికి అధికారులో, నాయకులో వచ్చి ఉంటారు, జిల్లా పేపర్లో ఫొటో పడి ఉంటుంది, ఆ కటింగ్ పట్టుకోండి. పగిలిన కుర్చీలు, పోయిన గుండిగలు, నిండిపోయిన సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయించిన బిల్లు కూడా దాచండి. 66(1)లో డ్యామేజీ అని పేరుపెట్టి రాయలేదు గానీ, అర్జీలో విడిగా చూపించి అడగడం మీ హక్కు.

అన్నింటికన్నా పెద్ద సాక్ష్యం ప్రభుత్వం దగ్గరే ఉంది. ప్రతి పునరావాస కేంద్రానికీ రిజిస్టరు ఉంటుంది. ఏ పూట ఎంతమంది తిన్నారు, ఏ సిబ్బందికి డ్యూటీ పడింది, బియ్యం ఎన్ని బస్తాలు దిగాయి అన్నీ అందులో రాస్తారు. విపత్తు నిధుల్లోంచి ఖర్చు చూపించాలంటే ఆ రిజిస్టరు తప్పదు. కేంద్రం ఎక్కడ నడిచిందో రాయకుండా భోజనాల ఖర్చు రాయలేరు కదా. కాబట్టి సమాచార హక్కు చట్టం కింద ఇవి అడగండి: ఆ తుఫానుకు మీ మండలంలో నడిపిన కేంద్రాల జాబితా, తేదీలు, మీ మండపం తాలూకు రిజిస్టరు కాపీ, సరుకు నిల్వ రిజిస్టరు, వాహనాల లాగ్ షీట్లు, 65వ సెక్షన్ కింద తహశీల్దారుకు అధికారం ఇస్తూ కలెక్టరు ఇచ్చిన ఉత్తర్వు, ఆ కేంద్రాల మీద పెట్టిన బిల్లుల వివరం. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అప్పీలు. ఈ కాగితాలు చేతికొచ్చాక "మీ మండపం మేం వాడలేదు" అనే ధైర్యం ఎవరికీ ఉండదు.

అది పెట్టిన రోజే కలెక్టరుకు అర్జీ ఇవ్వండి. తహశీల్దారుకు కాపీ చాలు. సోమవారం గ్రీవెన్సులో ఇవ్వొచ్చు (తెలంగాణలో అయితే ప్రజావాణి), కానీ అక్కడ ఇచ్చిన దాన్ని మళ్లీ అదే మండలానికి పంపి "పరిష్కరించబడినది" అని మూసేయడం జరుగుతుంది. అందుకే కలెక్టరాఫీసు టపాల్లో (కాగితాలు తీసుకునే విభాగంలో) విడిగా ఇచ్చి ముట్టినట్టు స్టాంపు వేయించుకోండి, ఇంకో కాపీ స్పీడ్ పోస్టులో పంపండి. అర్జీలో ఏడుపులు, తిట్లు వద్దు. ఇలా రాయండి:

"జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ చైర్మన్ అయిన కలెక్టరు గారికి. ఫలానా తేదీ రాత్రి ఫలానా గంటకు తహశీల్దారు గారు ఫోనులో ఆదేశించిన మీదట, నా స్వాధీనంలో ఉన్న ఫలానా మండపాన్ని పునరావాస కేంద్రం కోసం అప్పగించాను. ఫలానా తేదీన తాళాలు తిరిగి ఇచ్చారు. విపత్తు నిర్వహణ చట్టం, 2005 సెక్షన్ 65 కింద జరిగిన ఈ రిక్విజిషన్‌ను ధ్రువీకరిస్తూ రాతపూర్వక ప్రొసీడింగ్స్ ఇప్పించి, సెక్షన్ 66(1) కింద పరిహారం నిర్ణయించి చెల్లించవలసిందిగా కోరుతున్నాను. ఆధారాలు జతచేశాను."

లారీకి ఇలాంటిదే 66(2)తో ఇంకోటి, సరుకులకు మీ బావగారి పేరున 50వ సెక్షన్‌తో మరోటి.

పరిహారం నిర్ణయిస్తూ ఉత్తర్వు వచ్చి, అది తక్కువనిపిస్తే, మండపం విషయంలో ముప్పై రోజుల్లోగా ఆర్బిట్రేటర్‌కు పంపమని ప్రభుత్వానికి రాయాలి. మీకు ఇంకా ఏ ఉత్తర్వూ రాలేదు కాబట్టి ఆ గడువు మొదలు కాలేదు, టెన్షన్ పడకండి. వచ్చిన రోజు మాత్రం కవరు మీద తేదీ రాసి దాచండి. డబ్బు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను" అని రాసి సంతకం పెట్టండి.

రెండు మూడు నెలల్లో జవాబే లేకపోతే హైకోర్టులో రిట్, అంటే ప్రభుత్వాన్ని ఆదేశించమని కోరే పిటిషన్. ఊళ్లో మున్సిఫ్ కోర్టులో దావా వేద్దామని ఎవరో సలహా ఇచ్చారన్నారు. వద్దు. 71వ సెక్షన్ ప్రకారం ఈ చట్టం కింద చేసిన పనుల మీద సుప్రీంకోర్టు, హైకోర్టు తప్ప వేరే కోర్టులు విచారించకూడదు. దావా వేస్తే ఆ పాయింటు మీదే ఏళ్లు పోతాయి. "రాతపూర్వక ఉత్తర్వే లేదు కాబట్టి అది రిక్విజిషనే కాదు" అని ప్రభుత్వం తరఫున వాదించవచ్చు. దానికి జవాబు ఉంది. ఉత్తర్వు లేకుండా తీసుకుంటే అది చట్టం ఇచ్చిన అధికారం లేకుండా తీసుకోవడమే, 300ఎ నేరుగా తగులుతుంది. పైగా కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ ఉంది. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పని వల్ల ఇంకొకరు లాభం పొందితే, పొందినవాళ్లు దానికి పరిహారం ఇవ్వాలి. బి.కె. మండల్ కేసులో ఇదే వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బెంగాల్ పౌర సరఫరాల శాఖ అధికారులు అడిగారని ఒక సంస్థ పనులు చేసిపెట్టింది, పద్ధతి ప్రకారం కాంట్రాక్టు లేదని డబ్బు ఇవ్వలేదు. కాంట్రాక్టు చెల్లకపోయినా 70వ సెక్షన్ కింద ప్రభుత్వం డబ్బు కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. అది 1962 ఏఐఆర్‌ (కోర్టు తీర్పుల సంపుటి)లో ఉంది, మీ వకీలుకు చెప్పండి. రిట్‌కు ఇన్నాళ్లని గడువు రాసిలేదు గానీ, ఆలస్యమైతే జడ్జిగారు మొదట అడిగేది దాని గురించే. బాకీ డబ్బుల దావాలకు మామూలుగా ఉండే మూడేళ్లను కూడా గుర్తుంచుకుని, దానికి చాలా ముందే వెళ్లండి.

ఆలస్యానికి వడ్డీ కూడా అడగండి. కోవిడ్ మొదట్లో, 2020 మార్చి, ఏప్రిల్‌లలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీతాలు, పెన్షన్లలో కొంత భాగం వాయిదా వేసింది. హైకోర్టు 12 శాతం వడ్డీతో ఇవ్వమంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్తే 2021 ఫిబ్రవరిలో వడ్డీని 6 శాతానికి తగ్గించారు తప్ప, కష్టకాలం కాబట్టి వడ్డీ అక్కర్లేదని మాత్రం అనలేదు. మీ కేసు వేరు, అయినా కష్టకాలం పేరుతో ఆపిన డబ్బుకు వడ్డీ అడగడం అత్యాశేమీ కాదని చెప్పడానికి ఇది పనికొస్తుంది.

లారీలు, బస్సులు ఉన్నవాళ్లు చదువుతుంటే ఒక మాట. రిక్విజిషన్‌లో ఉండగా బండికి ప్రమాదం జరిగి ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ బాధ్యత ఎవరిది? ఎన్నికల కోసం తీసుకున్న బండి విషయంలో దీపా దేవి కేసులోను, అస్సాంలో వచ్చిన పూర్ణ్య కళా దేవి కేసులో 2014లోను సుప్రీంకోర్టు తేల్చింది. బండి ఆ సమయంలో ప్రభుత్వం చేతిలో, దాని అదుపులో ఉంది కాబట్టి పరిహారం భారం ప్రభుత్వానిదే. కానీ బండి ఆ రోజు రిక్విజిషన్‌లో ఉందని చూపించే కాగితం లేకపోతే నోటీసు ఆర్‌సీలో పేరున్న మీకే వస్తుంది. మీ డ్రైవరు ఆ ఆరు రోజులూ క్షేమంగా తిరిగొచ్చాడు, అది మీ అదృష్టం.

మీ పోస్టు కింద ఒకామె, తమ పొలాన్ని తుఫాను షెల్టరు కోసం శాశ్వతంగా తీసుకుంటామంటున్నారని రాశారు. అమ్మా, అది రిక్విజిషన్ కాదు, భూసేకరణ. 2013 భూసేకరణ చట్టం 40వ సెక్షన్ కింద ప్రకృతి విపత్తుల అత్యవసరానికి తొందరగా తీసుకోవచ్చు గానీ, నోటీసు ఇచ్చాక ముప్పై రోజులు ఆగాలి, స్వాధీనానికి ముందే పరిహారంలో 80 శాతం చెల్లించాలి, పైన అదనంగా 75 శాతం కూడా రావాలి. ఏ కాగితం మీదా "ఇష్టపూర్వకంగా ఇస్తున్నాను" అని సంతకం పెట్టకుండా విడిగా ప్రశ్న రాయండి, చెప్తాను.

తమ్ముడూ, వచ్చే కార్తీకానికి మళ్లీ ఫోన్ వస్తుంది, మీరు మళ్లీ తలుపు తీస్తారు. అప్పుడు తలుపు తీస్తూనే తహశీల్దారుకు వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెట్టండి: "సర్, మీరు చెప్పిన ప్రకారం ఈ రాత్రి 9.40కి మండపం అప్పగించాను, కుర్చీలు ఇన్ని, గుండిగలు ఇన్ని, మీటరు రీడింగు ఇంత." ఆయన "ఓకే" అని కొడితే అదే మీ మొదటి కాగితం. లారీ అయితే కిలోమీటర్ల రీడింగు ఫొటో తీసి పంపండి. ఖాళీ చేసిన రోజు అలాగే ఇంకోటి.

ఈ వారంలోనే ఆర్‌టీఐ పెట్టేయండి. బుకింగ్ రిజిస్టరులో ఆ నెల పేజీలు ఫొటో తీసి ఇక్కడ పెడితే అద్దె లెక్క ఎలా రాయాలో చూసి చెప్తాను. పెళ్లివాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం కప్పేసి పెట్టండి.